మెట్ట మిరపకు బిందుసేద్యము



కృష్ణా డెల్టాలో సేద్యమనగానే కాలువనీరు స్ఫురించుట సహజము. బెజవాడ చెంత 1855లో ఆనకట్ట పూర్తియైనది మొదలు, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసిన పిమ్మటను, మాగాణి ఆ నీటితోడనే వర్ధిల్లుచున్నది. కాని పడమట నున్న నందిగామ, తిరువూరు మెట్టలకు ఆ కాలువలెక్కవు. సాగరు ఎడమకాలువ నీరు అందని చోట మిరప రైతునకు బోరుబావియే ఆధారము. చేను పూత, పిందెల మీద నుండగా బావి యడుగంటెనా, విత్తనమునకును ఎరువునకును తెచ్చిన అప్పు మాత్రము మిగులును.

మిరప బెట్టకు పూత రాల్చును. నీరు నిలిచినచో వేరు కుళ్లును. కావున కొలది నీటిని తరచుగా మొక్క మొదటనే యిచ్చు బిందుసేద్యము దీనికి మిక్కిలి అనుకూలము.

లెక్క చూడుడు. ఎకరమున 2 అంగుళముల తడి పెట్టుటకు సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. సాళ్లకు 4 అడుగులు, డ్రిప్పర్లకు 16 అంగుళములు ఎడముంచినచో ఎకరమునకు సుమారు 8,000 డ్రిప్పర్లు పట్టును. ఒక్కొక్కటి గంటకు 2 లీటర్లు వదలినచో గంటకు 16,000 లీటర్లగును. బోరు గంటకు 8,000 లీటర్లే యిచ్చినచో చేనిని రెండు భాగములుగా చేసి, వంతులవారీగా పారించవలెను. ఎంతసేపు పారించవలెనో నేల, ఎండ, పైరు వయస్సు చూచి నిర్ణయించుకొనవలెను.

ఫిల్టరును తరచుగా కడుగవలెను. గొట్టముల చివరలు విప్పి మురికిని పోనీయవలెను. యూరియా, పొటాషులను నీటితో పంపవచ్చును గాని, సూపరు ఫాస్ఫేటు సరిగా కరుగదు గనుక దానిని దుక్కిలోనే వేయవలెను.

ముఖ్యవిషయ మింకొకటి కలదు. బిందుసేద్యము నీటిని పుట్టింపదు, వృథాను మాత్రమే తగ్గించును. మిగిలినదని మరియొక ఎకరము నాటినచో బావి మునుపటివలెనే యెండును. భూమిలోని నీరు ఇరుగుపొరుగుల ఉమ్మడి సొత్తు. ఒకరి తోడకము మరియొకరి బావికి తగులును.

2003లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ రైతు భూగర్భజల యాజమాన్య పథకమున, ప్రకాశం మొదలగు కరవు జిల్లాల రైతులు వానను, బావుల నీటిమట్టమును తామే కొలిచి, గ్రామమునకంతకు నీటి లెక్క కట్టి పైరుల నెంచుకొనిరి. మన సంఘములును ఈ పని చేయవచ్చును. నాటునకు ముందే సభ్యులందరు సమావేశమై, బావుల నీటిమట్టము కొలిచి వ్రాసికొని, ఎవరెంత మిరప వేయదగునో తీర్మానించుకొనుడు. గొట్టములకు అప్పు కోరుట అటుపిమ్మటి మాట.