నెయ్యి ట్యాంకరు గేటు దాటిందెలా?

తిరుమల లడ్డూ నెయ్యిలో ఏం కలిసిందన్న వాదన 2024 సెప్టెంబరులో మొదలై ఊరూరా పాకింది. దాని దర్యాప్తునకు సుప్రీంకోర్టు ఆ అక్టోబరు 4న అయిదుగురితో సిట్ వేసింది. ఎవరు దోషులో తేల్చాల్సింది కోర్టులే. ఆ గోలలో ఎవరికీ పట్టని ప్రశ్న ఒకటుంది: అనుమానించాల్సిన సరుకు గేటు దాటి లోపలికి ఎలా వచ్చింది?

పోటులో, అంటే ఆలయ వంటశాలలో, ప్రతిదానికీ దిట్టం (కొలతల లెక్క) ఉంటుంది. 5,100 లడ్డూలకు ఆవునెయ్యి 165 కిలోలు, శనగపిండి 180, చక్కెర 400, ఆపైన జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు. ఇది 2001లో సవరించిన లెక్క. ఎంత వెయ్యాలో ఇంత కచ్చితంగా రాసుకున్న సంస్థ, వచ్చిన నెయ్యి అసలుదో కాదో చూసుకోవడం దగ్గర చేతులెత్తేసింది. కల్తీని పట్టే పరికరాలు టీటీడీకి సొంతంగా లేవని 2024 జూన్‌లో ఈవోగా వచ్చిన శ్యామలరావే చెప్పారు. జులైలో నాలుగు ట్యాంకర్ల నమూనాలను గుజరాత్‌లోని ఆనంద్‌కు, జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ప్రయోగశాలకు పంపాల్సి వచ్చింది.

ధర చూస్తేనే అనుమానం రావాలి. ఆ నెయ్యి కిలో దాదాపు 320 రూపాయలకు టెండరులో ఖరారైంది. ఆవుపాలలో వెన్న నాలుగు శాతం అటూఇటూ ఉంటుంది కాబట్టి కిలో నెయ్యికి పాతిక లీటర్ల పాలు కావాలి. వెన్న తీసిన పాలకూ డబ్బొస్తుంది, నిజమే. అయినా ఆ ధర గిట్టుబాటు కాదని పలమనేరు వైపు పాడి రైతునడిగినా చెబుతాడు. గోడౌనులో, కొనుగోళ్ల విభాగంలో కూర్చున్నవాళ్లకు తెలియదా?

తెలిసే ఉంటుంది. కాకపోతే సర్కారు కొనుగోళ్లలో తక్కువ కోట్ చేసినవాడే ఎల్-1. అతడికి టెండరిచ్చిన ఉద్యోగిని ఆడిట్‌లో ఎవరూ నిలదీయరు. అతణ్ని కాదని పై ధరకు కొన్నవాడే సంజాయిషీ రాసుకోవాలి, విజిలెన్స్‌కు జవాబు చెప్పుకోవాలి. ఇలాంటిచోట తెలివైన ఉద్యోగి నోరు మెదపడు. సంస్థ పాడవడమంటే పైవాళ్లు తినెయ్యడమొకటే కాదు. కిందివాళ్లకు పట్టించుకోకపోవడమే క్షేమమనిపించడం కూడా. ఈ రెండోది బాగుపడడానికే ఎక్కువ కాలం పడుతుంది, ఎందుకంటే దానికి ఎవరి మీదా కేసు పెట్టలేం.

కొండకు ఈ పట్టనితనం కొత్తేమీ కాదు. 1821లో ఈస్టిండియా కంపెనీ అధికారి బ్రూస్ ఆలయ నిర్వహణకు 42 నిబంధనలు రాయించాడు. 1843లో కంపెనీ ఆలయ వ్యవహారాల నుంచి తప్పుకొని పెత్తనాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. వారిలో బడులు పెట్టినవారూ ఉన్నారు, అందరినీ ఒకే గాటన కట్టలేం. అయినా తొంభై ఏళ్ల ఆ పాలనలో లెక్కల మీద తగాదాలు కోర్టులకెక్కుతూనే వచ్చాయి. నిబంధనలున్నా, రోజూ లెక్క అడిగేవారు లేరు.

1933లో మద్రాసు శాసనమండలి చేసిన చట్టం మహంతు స్థానంలో మరో మంచి మనిషిని వెతకలేదు. ఒక కమిటీని, జీతం తీసుకుని జవాబు చెప్పే కమిషనరును పెట్టింది. టీటీడీ అలా పుట్టింది. తర్వాత పదకొండేళ్లకు, 1944లో, ఘాట్ రోడ్డు తెరుచుకుంది. మనుషులు మారినా పని ఆగని ఏర్పాటుకు ఆ రోడ్డు మంచి సాక్ష్యమని నా ఉద్దేశం.

పై కుర్చీ మారగానే అంతా మారిపోతుందనుకునేవారు 2025 జనవరి 8 రాత్రిని గుర్తుచేసుకోవాలి. కొత్త ఈవో వచ్చి ఏడు నెలలు. నెయ్యి సరఫరాదారు మారాడు, ప్రయోగశాలకు పరికరాలిస్తామని పాడి అభివృద్ధి బోర్డు ముందుకొచ్చింది. అయినా ఆ రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. గుంపును ఎక్కడ ఆపాలి, గేటు ఎప్పుడు తియ్యాలి, తియ్యమని చెప్పే అధికారం ఎవరిది అనేవి ఈవో గదిలో తేలే విషయాలు కావు. ఆ తర్వాతి వైకుంఠ ద్వార దర్శనాల్లో మొదటి మూడు రోజులకు ఈ-డిప్ (ఆన్‌లైన్ లాటరీ) పెట్టి, టోకెన్ల కోసం రోడ్డు మీద గుమిగూడే అవసరాన్నే తగ్గించారు. జాగ్రత్తగా ఉండమని సిబ్బందికి వంద సర్క్యులర్లు పంపడం కన్నా ఇది మేలు.

ఇక పదవీకాలం సంగతి. పాలకమండలి గడువు రెండేళ్లు. ప్రభుత్వం మారితే అదీ మారుతుంది, ఈవో కూడా. శ్యామలరావు పదిహేను నెలలకే బదిలీ అయ్యారు. 2025 సెప్టెంబరులో అనిల్‌కుమార్ సింఘాల్ వచ్చారు. ఆయన 2017 నుంచి 2020 దాకా ఇక్కడే పనిచేసినవారు కనుక కొండ సంగతులు కొత్తగా నేర్చుకోనక్కర్లేకపోయింది. ప్రతిసారీ అలా కలిసిరాదు. డిప్యుటేషన్ మీద వచ్చే అధికారికి ఏ పని ఎవరి చేతిలో ఉందో తెలిసేసరికే బదిలీ ఉత్తర్వులు రావచ్చు. అందుకే ప్రయోగశాలలో నమూనా తీసే కెమిస్టు, గోడౌను సూపరింటెండెంటు, పోటు పేష్కారు ఎన్నేళ్లు ఉంటారన్నది ఛైర్మన్ ఎవరన్నదానికంటే పెద్ద విషయం. పత్రికలు మాత్రం ఛైర్మన్ పేరునే పతాక శీర్షికలో పెడతాయి.

టీటీడీ బాగుపడిందో లేదో చూడాలనుకునేవారు తర్వాతి నెయ్యి టెండరును గమనించాలి. ధర మరీ తక్కువగా ఉందని, ఈ ధరకు అసలు నెయ్యి రాదని ఒక కింది అధికారి ఫైలు మీద రాస్తాడా? రాస్తే, ఆరు నెలల తర్వాత అదే కుర్చీలో ఉంటాడా?