కొండదారిని రైలు నడక



నంద్యాలనుండి గిద్దలూరునకు రైలులో పోయినవారికి నల్లమల యడవి క్రొత్తది కాదు. గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట దాటువఱకు మలుపులవద్ద బండి నెమ్మదించును. పిల్లలు బొగద సొరంగపు చీకటికి కేకలు వేయుదురు, పెద్దలు “ఇంకను ఎంతసేపు?” అని విసుగుకొందురు. కొండదారిని బండి యేల మెల్లగా పోవలెనో యెఱిగినచో ఆ విసుగు తొలగునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొండను చీల్చి దారి వేసినచోట ఇరుప్రక్కల రాతిగోడలు నిలుచును. ఎండకు కాగి, రాత్రి చల్లారి, ఆ రాయి బీటలు వాఱును. చెట్లవేళ్లు బీటలలో దూరి వానిని వెడల్పు చేయును. వాననీరు లోనికి దిగగా మట్టి మెత్తబడి, ఏండ్లతరబడి కదలని బండ క్షణములో జాఱును. బండి నడుపువాడు దానిని చూచి బ్రేకు వేసినను, వేగముగా పోవు రైలు కొన్ని వందల గజములు సాగినగాని నిలువదు. మలుపునందును సొరంగపు వాకిటను అంత దూరము కంటికానదు.

కొంకణ రైలుమార్గమున జరిగినది యిదియే. 2003 జూన్ 22వ తేది రాత్రి, కార్వారునుండి ముంబయికి పోవు సెలవుల ప్రత్యేకపు బండి మహారాష్ట్రమున వైభవవాడి యొద్ద పట్టాలపై పడిన బండలకు తగిలి పట్టాలు తప్పెను. 50 మందికి పైగా మరణించిరి. సంవత్సరము నిండకమునుపే, 2004 జూన్ 16వ తేదిని కరంజాడి యొద్ద మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ అట్లే బండలకు తగిలి వంతెనమీదినుండి పడెను. అందును పదిమందికి పైగా పోయిరి. రెండును వానలు మొదలిడిన దినములే.

నేడు ఆ మార్గమున చరియలను ఏటవాలుగా చెక్కి, ఇనుపవలలు కప్పి, కావలివాండ్రను నిలిపియున్నారు. వానకాలమునకు వేఱుగా కాలపట్టిక వేసి, బండ్ల వేగమును తగ్గింతురు.

మనది కఱవుసీమ, వానభయ మేల యనుకొనరాదు. 1902 సెప్టెంబరు 12వ తేదిని మన కడప జిల్లాలోని మంగపట్నము వద్ద వరదకు వంతెన కొట్టుకొనిపోగా, మెయిలుబండి కూలి 70 మంది వఱకు మడిసిరి. ఎండి గట్టిపడిన నేలపై ఒక్కపెట్టున కురిసిన వాన ఇంకదు, వాగై పరుగెత్తును. కొంకణమున చంపినది రాయి, మంగపట్నమున చంపినది నీరు అందుము గాని, ఆ రాతిని కదల్చినదియు నీరే.

వానరాత్రి మనము బండిలో నిదురించునప్పుడు, లాంతరు చేతబట్టి పట్టాలవెంట నడచు కావలివాడొకడుండును. బండ కనబడిన ఎఱ్ఱదీపము చూపి బండి నాపువాడు వాడే. వాని యింటను ఒక ఇల్లాలు తలుపు గడియ వేయక ఎదురుచూచుచుండును.

కావున వానకాలమున పెండ్లికో పురిటికో పోవువారు ముందునాటి బండినే యెక్కవలెను. బండి ఆలస్యమైన ముహూర్తము తప్పునని మగవారు స్టేషనులో కేకలు వేయుచో, మనమైనను వారి నోరు మాన్పవలెను. గడియ యాలస్యమైన అన్నము చల్లారును, అంతియే. చల్లారిన అన్నమును మరల వేడిచేసికొనవచ్చును.