ఆదివారమున పరుగెత్తని వీరుడు

మైదానములో అడుగిడుచు శిలువ గురుతు వేసికొను ఫుట్‌బాల్ ఆటగానిని, నూరు పరుగులు పూర్తికాగానే కన్నులెత్తి ఆకాశమువంక చూచు బ్యాట్స్‌మన్‌ను మనమందరము చూచియే యున్నాము. అప్పుడు మన మనస్సునకు తోచునది ఒక్కటే: ఈతడు గెలుపు కోరి మ్రొక్కుకొన్నాడు, గెలుపు దక్కినది గనుక కృతజ్ఞత తెలుపుకొనుచున్నాడు అని. మ్రొక్కుబడి మన జనులకు క్రొత్తది కాదు. పరీక్షకు పోవు బాలుడు మొదలు విత్తనము చల్లు రైతు వరకు అందరును ఎరిగినదే. క్రైస్తవ విశ్వాసము క్రీడాకారుని జీవితమున చేయు పని అంతమాత్రమే అయినచో దానినిగూర్చి ఒక వ్యాసము వ్రాయవలసిన పని లేదు. ఏ పందెమును విడువవలెనో, ఓడిన ప్రత్యర్థిని ఎట్లు చూడవలెనో, కాళ్ళలోని సత్తువ ఉడిగిన పిమ్మట మిగిలిన ఆయుస్సును దేనికై వెచ్చింపవలెనో తెలుపుటయందే ఆ విశ్వాసముయొక్క బలము కానవచ్చునని నా నమ్మకము. దీనికి స్కాట్లండు దేశీయుడైన ఎరిక్ లిడ్డెల్ జీవితమును మించిన నిదర్శనము నాకు తెలియదు.

లిడ్డెల్ 1902 జనవరి 16వ తేదీన చైనాలోని టియన్‌ట్సిన్ నగరమున, లండన్ మిషనరీ సొసైటీ పక్షమున సువార్తసేవ చేయుచుండిన దంపతులకు జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున అన్నతోగూడ ఇంగ్లండులోని మిషనరీ బిడ్డల వసతి పాఠశాలలో చేర్పబడి, తల్లిదండ్రులను ఏండ్ల తరబడి చూడకయే పెరిగెను. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రము చదువుచు, రగ్బీలో స్కాట్లండు జట్టు పక్షమున ఏడు మారులు ఆడి, 1923లో 100 గజముల పందెమును 9.7 సెకండ్లలో ముగించి, పెక్కేండ్లు చెక్కుచెదరని బ్రిటిషు రికార్డును నెలకొల్పెను. ఆ యేటి జూలైలోనే స్టోక్ పట్టణమున జరిగిన 440 గజముల పందెములో, పరుగు మొదలైన కొద్ది అడుగులకే ప్రక్కవాని తాకిడికి బాట తప్పి గడ్డిమీద పడి, లేచి చూచునప్పటికి తక్కినవారు ఇరువది గజములు ముందుండగా, తిరిగి పరుగందుకొని, అందరిని దాటి గెలిచి, ఆ గెలిచిన చోటనే కుప్పకూలెను. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో కొట్టుకొనుచుండగా పరుగెత్తు ఆయన తీరును చూచిన శిక్షకులకు అది పరుగువిద్యలోని సకల సూత్రములకును విరుద్ధముగా తోచెడిది. అదే యేడు ఏప్రిల్‌లో, ఆర్మడేల్ అను గనికార్మికుల ఊరిలో, ఆయన మొదటిసారిగా నలుగురియెదుట నిలిచి తన విశ్వాసమునుగూర్చి సాక్ష్యము చెప్పెను. స్వభావముచే మితభాషియైన ఆ యువకునకు అది పరుగుకంటె కష్టమైన కార్యము.

1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలు వచ్చెను. ఆయనకు చేతికందిన ఫలముగా అందరును భావించిన 100 మీటర్ల పందెముయొక్క తొలి పోటీలు జూలై 6వ తేదీన, అనగా ఆదివారమున, జరుగవలసియుండెను. తాను పరుగెత్తనని లిడ్డెల్ చెప్పెను. 1981లో వెలువడి నాలుగు ఆస్కార్లు పొందిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ అను చలనచిత్రమున, ఓడ ఎక్కునప్పుడు ఆయనకు ఈ వార్త తెలిసినట్లును, రాకుమారుడును ప్రభువులును చుట్టుముట్టి ఆయనను లొంగదీయ జూచినట్లును చూపిరి. యథార్థము ఇంతకంటె నెమ్మదియైనది. నా దృష్టిలో ఇంతకంటె ఘనమైనది. కార్యక్రమము నెలల ముందే తెలియును. ఆయన నెలల ముందే, కంఠమెత్తకుండ, ఎవరిని నిందింపకుండ, రానని తెలియజేసెను. ఆదివారమునే పడిన రెండు రిలే పందెములను సైతము వదలుకొనెను. క్షణికావేశమున ఒక్కమారు కాదనుట సులభము. పత్రికలు ఎత్తిపొడుచుచుండగా, దేశాభిమానము లేనివాడని జనులు అనుకొనుచుండగా, మాసములకొలది ఆ మాటమీదనే నిలిచి, మారుమాట పలుకక, ప్రతి సాయంకాలమును మైదానమునకు పోయి వేరొక పందెమునకు సాధన చేయుట సులభము కాదు.

ఈ ఆదివారపు పట్టుదల నేటి పాఠకునకు చాదస్తముగా తోచవచ్చును. పది ఆజ్ఞలలో నాల్గవది విశ్రాంతిదినమును పవిత్రముగా ఎంచుమని శాసించును. స్కాట్లండులోని ప్రెస్బిటీరియన్ సంఘములు ఆ శాసనమును అక్షరాలా పాటించి, ఆ దినమున ఆటయు, అంగడియు, వ్యాపారమును కూడదనెను. ఆదివారమున బజారు చేయనొల్లని పెద్దలు మన తెలుగు క్రైస్తవ కుటుంబములలోను ఉండిరి. ఏడు దినములలో ఒక్కటి తనది కాదని, అది ప్రభువు దినమని ఒప్పుకొన్న మనుష్యుడు తక్కిన ఆరు దినములును తన ప్రతాపమువలన కలిగినవి కావని కూడ ఒప్పుకొన్నట్లే. లిడ్డెల్ విడిచినది ఒక పతకమును కాదు. తన కాళ్ళు తన సొత్తు అను అహంకారమును.

ఆ 100 మీటర్ల పందెమును జూలై 7న హెరాల్డ్ ఏబ్రహామ్స్ అను యూదు యువకుడు 10.6 సెకండ్లలో గెలిచి బ్రిటనునకే కీర్తి తెచ్చెను. 9వ తేదీన లిడ్డెల్ 200 మీటర్ల పందెములో మూడవవాడై కాంస్యపతకము నందెను. 11వ తేదీ శుక్రవారమున 400 మీటర్ల తుదిపోటీలో ఆయనకు అన్నిటికంటె వెలుపలి వరుస దక్కెను. ఆ వరుసలో పరుగెత్తువానికి ప్రత్యర్థులందరు వెనుకనే యుందురు. వారెంత దూరములో నున్నారో తెలియదు. తన ఊపిరియే తనకు గడియారము. ఆ దినములలో కాలికి దన్నుగా నిలుచు స్టార్టింగ్ బ్లాకులు లేవు. బొగ్గు చిట్టెము పరచిన బాటలో ప్రతి ఆటగాడును చిన్న తాపీవంటి పనిముట్టుతో తన కాళ్ళకు రెండు గుంటలు త్రవ్వుకొనవలసి యుండెను. లిడ్డెల్‌కు తన గుంటలు త్రవ్వుకొని, ఆ పనిముట్టును లేనివారికి ఇచ్చి, వరుసగా పోయి ప్రతి ప్రత్యర్థికిని కరచాలనము చేసి శుభము కోరుట అలవాటు. తుపాకి పేలగానే, సగము దూరమును 22.2 సెకండ్లలో, పొట్టి పందెమువలె పరుగెత్తెను. అంత వేగమునకు రెండవ సగమున తప్పక కూలునని చూచువారు తలంచిరి. ఆయన కూలలేదు. 47.6 సెకండ్లకు గీటు దాటి ఒలింపిక్ రికార్డుతో స్వర్ణపతకమును గెలుచుకొనెను. రెండవవాడైన అమెరికను ఆటగాడు హొరేషియో ఫిచ్ 48.4 సెకండ్లు తీసికొనెను.

ఆదివారమును పాటించెను గనుకనే దేవుడు ఆయనకు స్వర్ణమిచ్చెనని చెప్పువారు కలరు. ఆ మాట నాకు సమ్మతము కాదు. లిడ్డెల్ ఆ శుక్రవారమున నాల్గవవాడై వచ్చియుండినను ఆయన నిర్ణయపు విలువ వీసమంతయు తగ్గియుండదు. అపొస్తలుడైన పౌలు, ఇస్త్మియన్ క్రీడలు జరుగు చోటికి దగ్గరనే యుండిన కొరింథు సంఘమునకు లేఖ వ్రాయుచు, పందెగాండ్రు వాడిపోవు కిరీటముకొరకే అంతటి నిగ్రహమును పాటింతురని జ్ఞాపకము చేసెను. పారిస్ నుండి తిరిగివచ్చిన వారము దినములలోనే, జూలై 17న, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము పట్టప్రదానసభలో లిడ్డెల్ తలపై ఆకుల కిరీటము పెట్టి, విద్యార్థులు ఆయనను భుజములపై నూరేగించిరి. పౌలు మాట ఎరిగిన ఆ యువకుడు మరుసటి యేడు, ఇరువదిమూడేండ్ల వయస్సున, పందెములలో ఇంకను శిఖరముననే యుండగా, చైనాకు ఓడ ఎక్కెను.

టియన్‌ట్సిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కళాశాలలో విజ్ఞానశాస్త్రము బోధించుచు, బాలురకు ఆటలు నేర్పుచు, 1934లో ఫ్లారెన్స్ మెకెంజీని వివాహమాడి, తరువాత యుద్ధపీడితమైన షావ్‌చాంగ్ పల్లెప్రాంతమున సేవచేసెను. 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపెను. మూడవ కుమార్తెను ఆయన కన్నులార చూచుట తటస్థింపలేదు. 1943లో జపాను సైన్యము ఆయనను షాంటుంగ్‌లోని వైషియన్ శిబిరమున నిర్బంధించెను. సుమారు పదిహేనువందలమంది ఆ ప్రహరీలోపల ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో బ్రతుకుచుండిరి. తల్లిదండ్రులకు దూరమైన పాఠశాల పిల్లలు వారిలో పెక్కుమంది. లిడ్డెల్ ఆ పిల్లలకు ‘అంకుల్ ఎరిక్’ అయ్యెను. తెల్లవారకమునుపే లేచి వేరుసెనగ నూనె దీపపు వెలుతురులో బైబిలు చదివి ప్రార్థించుకొని, పగలు పాఠములు చెప్పి, ముసలివారికి నీళ్ళు మోసి, సాయంత్రములు పిల్లలచేత ఆటలాడించెను. విరిగిన హాకీ కర్రలకు తన దుప్పటి చించి కట్లు కట్టెను.

ఆ శిబిరమున ఒక ఆదివారము, పెద్దల అనుమతి లేకయే, పిల్లలు హాకీ ఆట మొదలుపెట్టిరి. రెఫరీ లేడు, ఆదివారము గనుక అంకుల్ ఎరిక్ రాడు. ఆట తగవులోనికి, తగవు కొట్లాటలోనికి దిగెను. మరుసటి ఆదివారము లిడ్డెల్ ఈల చేతబట్టి మైదానమునకు వచ్చెను. ఒలింపిక్ స్వర్ణముకొరకు విడువని ఆదివారమును, పిల్లలు ఒకరినొకరు కొట్టుకొనకుండుటకై ఆయన విడిచెను. ఆయన జీవితమున నన్ను అన్నిటికంటె కదలించిన ఘట్టము ఇదియే, పారిస్ కాదు. నియమము తన కీర్తికి అడ్డువచ్చినప్పుడు నియమమునే నిలుపుకొని, పరుల మేలునకు అడ్డువచ్చినప్పుడు దానిని సడలించిన మనుష్యుడే ఆ నియమముయొక్క హృదయమును ఎరిగినవాడు. 1945 ఫిబ్రవరి 21న, మెదడులో పెరిగిన కంతివలన, నలుబదిమూడేండ్ల వయస్సున ఆయన ఆ శిబిరముననే మరణించెను. మరణమునకు కొద్ది వారముల ముందు, మాసికలు వేసిన తన పరుగుజోళ్ళను చలికి వణకుచున్న ఒక బాలునికి ఇచ్చివేసెను. ఆగస్టు 17న అమెరికను పారాట్రూపర్లు దిగి శిబిరమును విడిపించిరి.

ఇక ఆటగాండ్రనుండి వారి శిక్షకుల విషయమునకు వత్తము. బాస్కెట్‌బాల్ ఆటను సృజించిన జేమ్స్ నైస్మిత్ వేదాంతపట్టభద్రుడు. కంటిచుట్టు రగ్బీ దెబ్బల నల్లని మచ్చలతోనే ప్రసంగవేదిక ఎక్కిన కెనడా యువకుడు. 1891 డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఎ. శిక్షణశాలలో, చలికాలమున నాలుగు గోడలమధ్య విసిగియున్న విద్యార్థులకై ఆయన పదుమూడు నియమములతో ఈ ఆటను కల్పించెను. బంతితో పరుగెత్తరాదనెను, దానివలన ఎదుటివానిని పట్టి పడవేయు అవసరము తొలగెను. గోలును తలలకు పైన పది అడుగుల ఎత్తున కట్టించెను, దానివలన బలముగా కొట్టుటకు బదులు మెత్తగా విసరుట అవసరమయ్యెను. హింసను ఉపదేశముతో కాక ఆటనిర్మాణముతోనే తొలగింపజూచిన ఆ యుక్తిలో ఆయన విశ్వాసము ఇమిడియున్నదని నేను తలంతును. తరువాత కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టునకు కోచ్‌గా నుండి గెలిచిన ఆటలకంటె ఓడిన ఆటలే ఎక్కువ చేసికొనెను. ఆయన దానికి కుంగినవాడు కాడు.

ఆ స్ప్రింగ్‌ఫీల్డు శాలలోనే శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామకళాశాలను స్థాపించెను. లిడ్డెల్ పరుగెత్తిన ఆ 1924 పారిస్ క్రీడలకు భారత జట్టును తోడ్కొని పోయినవాడును ఆయనయే. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే గనుక, మన ఉన్నత పాఠశాలల డ్రిల్లు మాస్టర్ల విద్యకు ఆ కళాశాలతో సంబంధము కలదు. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు అను భేదము లేక అచ్చట ఒకే మైదానమున వ్యాయామశాస్త్రము నేర్చిరి.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెల్స్ బాస్కెట్‌బాల్ జట్టును 1964 నుండి 1975 వరకు పదిమారులు జాతీయ విజేతగా నిలిపిన జాన్ వుడెన్ నిత్యము బైబిలు చదువుకొను భక్తుడు. ఆయన ప్రతి యేడును మొదటిదినమున ఆటగాండ్రకు నేర్పిన మొదటి పాఠము మేజోళ్ళు తొడుగుకొనుట: మడమవద్ద, చిటికెనవ్రేలివద్ద ముడుత లేకుండ చేతితో దిద్దుకొనవలెను, ముడుత యున్నచో బొబ్బ లేచును, బొబ్బ లేచినచో సాధన చెడును. గెలువుమని మాత్రము చెప్పెడివాడు కాడు. చేతనైనంత పూర్తిగా చేయుమనువాడు.

అయితే కోచ్ చేతిలో అధికారమున్నది. ఎవరిని ఆడించవలెనో, ఎవరిని బెంచీమీద కూర్చుండబెట్టవలెనో ఆయన ఇష్టము. వాషింగ్టన్ రాష్ట్రమున బ్రెమర్టన్‌లోని ఒక ఉన్నత పాఠశాల కోచ్ ఆట ముగియగానే మైదానము నడుమ మోకరించి ప్రార్థించుట వివాదమై, 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో ఆయనకు అనుకూలముగా తీర్పు చెప్పెను. ముగ్గురు భిన్నాభిప్రాయము వెలిబుచ్చిరి. ప్రార్థించు హక్కు ఆయనకు కలదు. కాని తన ప్రక్కన మోకరింపకపోయినచో ఆట తప్పిపోవునేమో అని ఒక్క బాలుడు భయపడినను, ఆ ప్రార్థన బలవంతమగును. క్రీస్తు ఎవరిని బలవంతపెట్టలేదు. ఆయన శిష్యుడగు కోచ్ ఈ విషయమున చట్టముకంటె జాగరూకుడై యుండవలెను.

ఇక విశ్వాసము జీవితాంతము నిలిచితీరునను నియమమును లేదు. ఆంగ్లికన్ పాదిరి కుమారుడైన జొనాథన్ ఎడ్వర్డ్స్, లిడ్డెల్ అడుగుజాడలలో, ఆదివారము గనుక 1991లో టోక్యో ప్రపంచపోటీలకు పోలేదు. 1993లో మనస్సు మార్చుకొనెను. 1995 ఆగస్టు 7న గోథెన్‌బర్గున ట్రిపుల్ జంప్‌లో 18.29 మీటర్లు దుమికి ప్రపంచరికార్డు నెలకొల్పెను. 2000లో సిడ్నీ స్వర్ణమును గెలిచెను. ఆట విరమించిన కొన్నేండ్లకు, 2007లో, తనకు దేవునియందు విశ్వాసము లేదని నిజాయితీతో ప్రకటించెను. ఆ 18.29 మీటర్లు దేవుడు కలడనుటకును, లేడనుటకును రుజువు కావు. పతకములతో భక్తిని కొలుచు అలవాటును మనము మానుకొనవలసియున్నది.

లిడ్డెల్‌ను చలనచిత్రమువలన మాత్రమే ఎరిగిన పాఠకులకు నా మనవి ఒక్కటి కలదు: ఆ కథ పారిస్‌తో ముగిసినదని తలంపకుడు. వైషియన్ శిబిరములో ఆయనతో జీవించిన లాంగ్డన్ గిల్కీ 1966లో ప్రచురించిన ‘షాంటుంగ్ కాంపౌండ్’ అను గ్రంథము లభించినచో చదువుడు. అందులో లిడ్డెల్‌కు ఎరిక్ రిడ్లీ అను మారుపేరు పెట్టబడినది.