మస్తిష్క పక్షవాతంలో చేతి స్పర్శ, చికిత్స

మస్తిష్క పక్షవాతం (సెరెబ్రల్ పాల్సీ) అనగా ఎదుగుతున్న మెదడు దెబ్బతినడం వలన కలిగే కదలికల లోపము. శరీరంలో ఒక పక్కకే ఇది వచ్చిన పిల్లలలో చాలామందికి ఆ చేతిలో స్పర్శజ్ఞానము కూడా తక్కువగా ఉంటుంది.

స్పర్శ లోపము

చర్మము బాగానే ఉన్నా, దాని సంకేతాలను మెదడు సరిగా గ్రహించలేదు. తాళంచెవిని చూడకుండా తడిమి గుర్తించలేకపోవడం ఇందుకు ఉదాహరణ. పట్టు ఎంత బిగించాలో తెలియక పిల్లలు ఆ చేతిని వాడటం తగ్గిస్తారు. వాడకపోతే నైపుణ్యము పెరగదు.

చికిత్స

అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టౌబ్ ప్రయోగాలలో, ఒక చేతి స్పర్శనాడులను తెంచిన కోతులు ఆ చేతిని వాడలేదు; మంచి చేతిని కట్టివేయగా వాడసాగాయి. ఇదే సూత్రముతో పిల్లల బాగున్న చేతికి తొడుగు వేసి, రెండవ చేతితో ఆటలాడిస్తారు. సీసా మూత తీయడం వంటి రెండు చేతుల పనులను సాధన చేయించడం మరొక పద్ధతి. కదలిక మెరుగైనంత మాత్రాన స్పర్శ మెరుగుపడినట్లు కాదు. రెండింటినీ వేరువేరుగా పరీక్షించాలి.