బట్టతలకు సూదా, రోలరా?

తల నెరిస్తే రంగు వేసుకోవచ్చు. రాలితే? పెళ్లిచూపులకు బయలుదేరే అబ్బాయి నుదురు వెనక్కి జరుగుతూంటే, అతనికంటే తల్లికే దిగులెక్కువ. పత్తిచేను ఎన్ని ఎకరాలో, ఉద్యోగం ఏమిటో చెప్పిన తర్వాత కూడా ఆడపెళ్లివారి చూపు తలమీదికే పోతుంది గదా! అందుకే గుంటూరు, ఒంగోలు చర్మవైద్యుల దగ్గర ఇప్పుడు "పి.ఆర్.పి." మాట వినిపిస్తున్నది.

మన రక్తమే మనకు మందన్నమాట. చేతినుంచి 10, 20 మిల్లీలీటర్ల రక్తం తీసి యంత్రంలో గిరగిరా తిప్పుతారు. ఎర్రకణాలు బరువుకు అడుక్కు దిగుతాయి. ప్లేట్‌లెట్లు చేరిన పసుపుపచ్చని ద్రవం పైన నిలుస్తుంది. గాయాలు మాన్పే పదార్థాలు ఆ ప్లేట్‌లెట్లలో ఉన్నాయి. సన్నగిల్లిన వెంట్రుక కుదుళ్లను అవి తట్టిలేపుతాయని ఆశ.

దాన్ని కుదురుకు చేర్చడం ఎలాగన్నదే తగువు. ఇంజక్షనైతే, గుంటకొక మిరపనారు నాటినట్లు, సుమారు సెంటీమీటరు ఎడంగా కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఎంత మందు ఎంత లోతున పడిందో డాక్టరుకు లెక్క ఉంటుంది. నొప్పి మాత్రం తక్కువేమీ కాదు. చాలామందికి ముందు మత్తుసూది కావాలి. రెండవ పద్ధతిలో సన్నసూదుల రోలరును తలపై దొర్లించి, ద్రవం పూస్తారు. ఇది విత్తనం వెదజల్లడం. ఇంకినదెంతో, కారిపోయినదెంతో ఎవరు చెప్పగలరు?

అయినా రోలరును తీసిపారేయలేము. 2013లో ముంబయి వైద్యులు 100 మంది పురుషులపై జరిపిన పరిశీలనను ప్రకటించారు. మినాక్సిడిల్ ద్రావకంతోపాటు వారానికొకసారి రోలరు వాడినవారికి, ఒట్టి ద్రావకం వాడినవారికంటే 12 వారాల్లో జుట్టు బాగా పెరిగింది. అందులో ప్లాస్మా లేనే లేదు! సూదిపోటుకే కొంత గుణం ఉన్నదన్నమాట. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూసిన పరీక్షలు చిన్నవి, ఒక్కమాట మీద లేవు. ఎంత మందు పడిందో తెలుస్తుంది గనుక నా ఓటు ఇంజక్షనుకే.

ఏది చేయించుకొన్నా, శుభ్రత ముందు. అమెరికాలోని న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక సౌందర్యశాలలో ముఖానికి ఇదే సూదుల చికిత్స చేయించుకొన్న ముగ్గురు స్త్రీలకు, దానివల్లనే హెచ్.ఐ.వి. సోకి ఉంటుందని 2024లో ప్రభుత్వ వైద్యులు తేల్చారు. పేరుచీటీ లేని రక్తపు గొట్టాలు అక్కడ వంటింటి ఫ్రిజ్‌లో, తినుబండారాల పక్కన దొరికాయట! కనుక సూదుల పొట్లం మీ కళ్లెదుటే విప్పమనండి. గొట్టంమీద మీ పేరు చూసుకోండి. మంగలిషాపులో, బ్యూటీపార్లరులో చేస్తామంటే లేచి వచ్చేయండి.

ఇంకొకటి. నున్నగా మెరిసే చోట ఏ పద్ధతీ పనిచేయదు. పలచబడిన చోటే కాస్త ఆశ. సాధారణంగా నెలకొకటి చొప్పున మూడుసార్లు, ఆపైన కొన్ని నెలలకొకసారి చేయించుకోవాలి. వచ్చే నెల ముహూర్తానికి మాత్రం ఇది అందదు.