సాగు పనిముట్ల గొట్టాలు: అతుకుకు ముందు కోత
గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి, మిరప సాళ్ల మధ్య గుంటక తోలుటకు అనువైన పదును వర్షానంతరం కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ రోజులలో గొట్టపు చట్రం అతుకు ఊడితే అంతరకృషికి అదను తప్పి, కలుపు పైచేయి సాధిస్తుంది.

తిన్నగా కోసిన గొట్టపు అంచు అదే వ్యాసం గల మరొక గుండ్రని గొట్టాన్ని రెండు చోట్ల మాత్రమే తాకుతుంది. మిగిలిన సందును వెల్డింగ్ లోహంతోనే పూడ్చవలసి రావడంతో అతుకు బలహీనపడుతుంది. కావున అంచును జీను ఆకారంలో తొలచాలి. సమాన వ్యాసం గల గొట్టాలను లంబకోణంలో కలిపేటప్పుడు కోత గరిష్ఠ లోతు బయటి వ్యాసంలో సగం ఉండాలి, 42 మి.మీ. గొట్టానికి ఇది 21 మి.మీ.

కాగితపు నమూనాను గొట్టానికి చుట్టి గీత గీసి, హ్యాక్సాతో కోసి, అర్ధవృత్తాకార ఆకురాయితో సరిచేయడం తక్కువ ఖర్చుతో కూడిన పద్ధతి. గ్రైండర్‌తో పని త్వరగా ముగుస్తుంది. అయితే చక్రానికి కవచం, కంటికి అద్దాలు తప్పనిసరి. హోల్‌సా వ్యాసం కోసే గొట్టానికి కాక, అది ఆనుకొనే గొట్టపు బయటి వ్యాసానికి సరిపోవాలి. జి.ఐ. గొట్టమైతే అతుకు వద్ద జింకు పూతను తొలగించి, గాలి ఆడే చోట వెల్డింగ్ చేయాలి. జింకు పొగ జ్వరాన్ని కలిగిస్తుంది.

పనిముట్ల ప్రదర్శనలకు రైతుతోపాటు గ్రామ వెల్డరును కూడా విస్తరణ శాస్త్రవేత్తలు ఆహ్వానించడం ప్రయోజనకరం.