ప్రాణాలిచ్చే చిన్న వేషం – ఫ్యూజు!

మన సినిమాల్లో ఒక పాత్ర ఉంటుంది, గమనించారా? హీరో మీదికి దూసుకొచ్చిన కత్తికి అడ్డంపడి, హీరో ఒళ్ళో తల పెట్టుకుని, రెండు ముక్కలు చెప్పి కన్నుమూసే స్నేహితుడు! పోస్టరు మీద అతని బొమ్మ ఉండదు. టైటిల్సులో అతని పేరు పదిమంది పేర్లతో కలిసి గబగబా వెళ్ళిపోతుంది. కానీ ఆ సీనులో అతను చావకపోతే తర్వాత కథే లేదు.

కారులో ఆ వేషం ఎవరిదో తెలుసా? ఫ్యూజుది!

సినిమా పత్రికలో ఈ ఫ్యూజుల గోలేమిటని విసుక్కోకండి. వెండితెర మీద కార్లు ఏనాడో తారలైపోయాయి. ‘గోల్డ్‌ఫింగర్’ (1964)లో జేమ్స్‌బాండ్ ఎంతో, ఆయన ఆస్టన్ మార్టిన్ డి.బి.5 కారూ అంతే! ‘చల్తీ కా నామ్ గాడీ’ (1958)లో వానపడే రాత్రి మధుబాల కారు చెడిపోవడం, మెకానిక్ కిశోర్‌కుమార్ దాన్ని బాగుచేయడం – అక్కడే కదా ప్రేమకథ మొదలయింది! మనకీ ‘మెకానిక్ అల్లుడు’ (1993) ఉంది, ‘జనతా గ్యారేజ్’ (2016) ఉంది. అయితే ఏ కెమేరా కూడా బానెట్ కింద ఓ మూలనున్న ఫ్యూజు పెట్టె మీద క్లోజప్ వేయదు. ఆ క్లోజప్పుని నేను డుంబ్రిగుడలో చూశాను. చూసినదాన్ని మీతో చెప్పాలనే ఈ వ్యాసం.

చాపరాయి దగ్గర ఎర్ర సుందరి

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో ఉంది డుంబ్రిగుడ. నున్నటి బండల మీదుగా నీళ్ళు జారిపోయే చాపరాయి ఈ మండలంలోదే. ఒక చిత్రంలోని పాట కోసం యూనిట్టు అక్కడికి వెళ్ళింది. అవుట్‌డోరు విశేషాలు రాద్దామని నేనూ వెళ్ళాను. పాటలో హీరోయిన్‌తో సమానంగా కనిపించాల్సింది ఒక ఎర్ర కారు. విశాఖకు చెందిన ఓ రిటైర్డ్ ఉద్యోగిది. పాతకాలం కథలు తీసేవాళ్ళకి అప్పుడప్పుడు అద్దెకిస్తుంటారు. కారు పేరు ఎం.జి.బి. టాపు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు.

2019 నుంచి మన రోడ్ల మీద కనిపిస్తున్న ఎం.జి. కార్లతో దీన్ని కలపకండి. బ్యాడ్జి అదే, కాలం వేరు. ఎం.జి.బి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962లో మొదలై 1980 దాకా తయారయింది. మొత్తం 5 లక్షల పైచిలుకు! ఈయన కారు 1967కి ముందుది. సీట్ల వెనక 6 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. రెండూ కలిపి 12 వోల్టులు. పైగా పాజిటివ్ ఎర్తు – అంటే మనకి అలవాటైన దానికి తలకిందులన్నమాట.

రెండో రోజు సాయంత్రం మంచు దిగుతోంది. హీరోగారు కారెక్కి హెడ్‌లైట్లు వేశారు, వైపరు వేశారు, బ్రేకు నొక్కారు. “కట్!” అన్నారు డైరెక్టరు. వెనక ఎర్ర దీపాలు వెలగలేదు. వైపరు సగంలో ఆగింది. బానెట్ లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన! యజమాని గుండె పట్టుకున్నంత పనిచేశారు. పాట సంగతి తర్వాత. షూటింగు కాగానే ఆ కారుని అనంతగిరి ఘాటీ మీదుగా రాత్రివేళ కిందికి దించాలి. మలుపు మీద మలుపు. మంచులో వెనకనుంచి లారీ వస్తుంటే, ముందున్న కారు బ్రేకు వేసిందని చెప్పేది ఆ ఎర్ర దీపాలొక్కటే కదా!

ఫ్యూజు చావలేదు, పెట్టె కాలింది

మర్నాడు కిరండూల్ పాసింజరులో దిగారు ఎలక్ట్రీషియన్ మేస్త్రిగారు. డెబ్భై దాటిన మనిషి. ఒకప్పుడు సినిమా లైటింగు యూనిట్లలో పనిచేసి, తర్వాత కార్ల వైరింగులోకి వచ్చారట. చంకలో సంచి. అందులో కొత్త ఫ్యూజు పెట్టె, రిలేలు, వైరు చుట్టలు. ముందుగా బ్యాటరీ కనెక్షన్ విప్పేశారు. తర్వాత బానెట్ ఎత్తి నన్ను పిలిచారు. “రండి బాబూ, మీ పేపర్లో రాసుకోండి. ఫ్యూజు బాగానే ఉంది, పెట్టే కాలిపోనాది.”

నాకు ఆశ్చర్యమేసింది. కాలాల్సింది కాలకుండా, కాలకూడనిది కాలడమేమిటి?

ఆయన వివరించారు. గాజు ఫ్యూజు రెండు చివరలనీ రెండు ఇత్తడి క్లిప్పులు పట్టుకుంటాయి. విశాఖ ఉప్పుగాలికీ, ఏళ్ళ తేమకీ ఆ క్లిప్పులు చిలుం పట్టాయి. చిలుం ఉన్నచోట కరెంటుకి అడ్డు. ఆ అడ్డు ఒక ఓంలో పదోవంతే అనుకోండి. 10 ఆంపియర్లు పోతే అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట 10 వాట్లంటే మాటలా! పైగా ఆ దారిలో 1 వోల్టు ఊరికే పోతుంది, దీపాలు మసకబారతాయి. ఫ్యూజేమో తనలోంచి ఎక్కువ కరెంటు పోతేనే కరుగుతుంది. పక్కన క్లిప్పు ఉడుకుతుంటే పెద్దగా పట్టించుకోదు. లూకాస్ సామాను వాడిన బ్రిటిష్ కార్లమీద ‘చీకటి రాకుమారుడు’ అని ఒక పాత జోకుంది. “తుప్పు మనది, తిట్టు వాళ్ళకా?” అని నవ్వేశారు మేస్త్రిగారు.

ఇక అసలు సంగతి. అప్పటి ఎం.జి.బి.లో పనిచేసే ఫ్యూజులు రెండంటే రెండే! పక్కన మరో రెండు స్పేరు. ఒకదాని మీద హారను. రెండోదాని మీద వైపరు, బ్రేకు దీపాలు, ఇండికేటర్లు, పెట్రోలు మీటరు – ఇంతమంది సంసారం! వైపరు మోటారు తిరగబడితే బ్రేకు దీపాలు కూడా ఆరిపోతాయి. వానలో, ఘాటీలో, రెండూ ఒకేసారి! మరి హెడ్‌లైట్లో? వాటికసలు ఫ్యూజే లేదు. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలిందంటే కరెంటుని ఆపే నాథుడు లేడు. వైరే ఫ్యూజు అవుతుంది, కారే అగ్గిపుల్ల అవుతుంది.

పన్నెండు గదుల ఇల్లు

మేస్త్రిగారు తెచ్చిన కొత్త పెట్టెలో 12 గదులున్నాయి. ఇప్పటి కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు అందులో పడతాయి. రంగు చూసి రేటింగు చెప్పొచ్చు. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పెట్టెని ఇంజను వేడికీ, చక్రాల నీటికీ దూరంగా బిగించారు.

తర్వాత ఒక్కో వైరుకీ చీటీ కట్టారు. లూకాస్ వాళ్ళ వైర్లకి ఓ రంగుల భాష ఉంది. గోధుమరంగు వైరులో ఎప్పుడూ కరెంటే. తెలుపు, తాళం తిప్పితేనే. ఆకుపచ్చ, ఆ తెలుపు ఫ్యూజు దాటి వచ్చినది. ఊదా, గోధుమరంగు ఫ్యూజు దాటి వచ్చినది. నీలం హెడ్‌లైట్లది. నలుపు ఎర్తు. ఈ భాష వస్తే, అరవై ఏళ్ళ కిందటి పనివాడు పక్కన నిలబడి చెప్పినట్టే ఉంటుంది.

పంపకం మొదలయింది. వైపరుకి ఒక గది. బ్రేకు దీపాలకి విడిగా ఇంకోటి. 21 వాట్ల బల్బులు రెండంటే 42 వాట్లు, మూడున్నర ఆంపియర్లు – చిన్న ఫ్యూజు చాలు. హెడ్‌లైట్లకి ఏకంగా నాలుగు గదులు! ఎడమ డిమ్ము, కుడి డిమ్ము, ఎడమ బ్రైటు, కుడి బ్రైటు. ఒకటి పోయినా రెండోది దారి చూపిస్తుంది. 55 వాట్ల హాలోజెన్ బల్బులు రెండు కలిసి 9 ఆంపియర్ల పైన లాగుతాయి. ఇన్నాళ్ళూ ఆ బరువంతా డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్చు మోసింది. ఇప్పుడు రెండు రిలేలు వచ్చాయి. స్విచ్చు కనుసైగ చేస్తుంది, బరువు రిలే మోస్తుంది – హీరోకి డూపులాగ! కారుది పాజిటివ్ ఎర్తు కాబట్టి, లోపల డయోడు లేని రిలేలనే ఎంచి తెచ్చారు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేసే సంగతొకటి చెప్పారు. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద ‘35’ అని ఉంటుంది. అది కరిగిపోయే కరెంటు. అదే పనిగా మోయగలిగేది 17 ఆంపియర్లే. బ్లేడు ఫ్యూజు మీది అంకె అలాంటిది కాదు. అది మామూలుగా మోసే కరెంటుకి దగ్గర లెక్క. పాతదాని మీద 35 చూసి కొత్తగా 35 వేస్తే కాపలావాడిని నిద్రపుచ్చినట్టే. అక్కడ వేయాల్సింది 15, మహా అయితే 20. “ఫ్యూజు కాపాడేది బల్బుని కాదు బాబూ, వైరుని! వైరు ఎంత మోయగలదో చూసి, అంతకన్నా తక్కువ వెయ్యాల,” అన్నారు.

సాయంత్రానికి బ్యాటరీ తగిలించారు. బ్రేకు నొక్కితే రెండు ఎర్ర దీపాలు భళ్ళున వెలిగాయి. వైపరు ఫ్యూజుని కావాలనే పీకి మళ్ళీ నొక్కించారు. వైపరు ఆగింది, ఎర్ర దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. యజమాని ముఖం చూడాలి! పాట పూర్తయింది. ఆ రాత్రి కారు ఘాటీ దిగింది.

జీపు కథ

మేస్త్రిగారు సామాను సర్దుతుండగా ఒక గిరిజన యువకుడు దగ్గరికొచ్చాడు. సంతకి మనుషుల్ని చేరవేసే సర్వీసు జీపు అతనిది. పొద్దుటినుంచీ వంగి చూస్తూనే ఉన్నాడు. “తాతా, మా బండి కూడా ఓసారి చూడవా?” అన్నాడు.

బానెట్ ఎత్తితే ఏముంది? ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి ఉంది!

“ఏటిరా బాబూ ఇది?”

“ఫ్యూజు దొరకలేదు తాతా. సంత రోజు బండి ఆగితే బేరం పోద్ది.”

“బండి ఆగితే బేరం పోద్ది. అంటుకుంటే ఏటి పోద్ది?”

కుర్రాడు మాట్లాడలేదు. జీపు లోపలా, వెనకా, పైనా ఎంతమంది ఎక్కుతారో అతనికి తెలుసు. మేస్త్రిగారు కాగితం తీసి, క్లిప్పులు గీకి, సరైన ఫ్యూజు పెట్టారు. అంతటితో వదల్లేదు. లైట్ల వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోయి, రేకుకి ఒరుసుకుపోయిన చోటు కనిపెట్టి టేపు చుట్టారు. ఫ్యూజు ఊరికే చావదు, ఎక్కడో తప్పు ఉందని చెప్పి చస్తుంది. ఆ తప్పు సరిచేయకుండా వెండికాగితం చుట్టడమంటే సాక్షి నోరు నొక్కడమే!

స్పేరు ఫ్యూజులు నాలుగు కుర్రాడి చేతిలో పెట్టారు. డబ్బులివ్వబోతే వద్దన్నారు. పాఠకులారా, మీ కారు స్పోర్ట్స్ కారు కాకపోవచ్చు. అయినా ఓసారి మూత తీసి చూడండి. ఒక్కో రంగులో రెండేసి స్పేరు ఫ్యూజులు డ్యాష్‌బోర్డు అరలో పడేసుకోండి. కొన్ని రూపాయల పని. ఒకటి పోతే మళ్ళీ అదే అంకె వేయండి. అదీ పోతే పెద్దది వేయకండి, మేస్త్రిని పిలవండి.